మా పరాకు వదిన

“మీ కుటుంబంలో ఇలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారామ్మా? పెద్దవాళ్ళలో?” అని గుంటూరులో ఆ డాక్టరమ్మ అడిగితే, నా మేనకోడలు క్షణం కూడా ఆలోచించకుండా “ఎవరూ లేరండీ” అంది. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. నోరు విప్పలేదు.

మేము తీసుకెళ్ళింది మేనకోడలి కూతుర్ని. తొమ్మిదేళ్ళ పిల్ల. బడిలో అల్లరి చెయ్యదు, ఎవరినీ కొట్టదు. కూర్చున్నచోటే కూర్చుని ఎటో వెళ్ళిపోతుంది. లెక్క సగం చేసి, ఆ పక్కన ఈగ బొమ్మ వేస్తుంది. ఆ ఏడాదిలో నాలుగు నీళ్ళ సీసాలూ ఒక చెప్పూ పోగొట్టింది. జత కాదు, ఒక్క చెప్పే. కాలికున్న ఒక్క చెప్పు ఎలా పోతుందో మాకెవరికీ ఇప్పటికీ అర్థం కాలేదు. వాళ్ళ టీచరు చీటీ మీద చీటీ రాసి పంపిస్తే చివరికి ఎవరో ఈ డాక్టరు పేరు చెప్పారు.

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఏకాగ్రత లోపం అనేది ఒక్క తీరుగా ఉండదట. కొందరు పిల్లలకి ఒకచోట కాలు నిలవదు, నోరు ఆగదు, వాళ్ళని అందరూ గుర్తుపడతారు. కొందరు కదలకుండా కూర్చుంటారు గాని అక్కడ ఉండరు, వాళ్ళని ఎవరూ గుర్తుపట్టరు, మొద్దులంటారు. రెండూ కలిసినవాళ్ళూ ఉంటారు. “నచ్చిన పని దొరికిందనుకోండి, తిండి కూడా మరిచిపోయి చేస్తారు. అది చూసి మనం ఏమనుకుంటామంటే, చెయ్యగలిగీ కావాలనే మిగతావి చెయ్యట్లేదు అనుకుంటాం. కావాలని కాదు. ఆ తాళం వాళ్ళ చేతుల్లో ఉండదు” అంది. ఇది చాలామందిలో రక్తంతో పాటు వస్తుందని కూడా చెప్పింది. చెబుతూ నా మేనకోడలి వంక ఓసారి చూసింది. ఆ కాసేపట్లోనే మేనకోడలు మూడుసార్లు లేచి, గోడ మీద వంకరగా ఉన్న క్యాలెండరు సరిచేసి, బల్ల మీది పెన్ను తీసి మూత పెట్టి, మూత తీసి, మళ్ళీ పెట్టింది. 

ఆవిడ ఒక్కో మాటా చెబుతుంటే నాకు ఎదురుగా ఉన్న పిల్ల కనిపించలేదు. మా వదిన కనిపించింది. మా అన్న భార్య. ఈ మేనకోడల్ని కన్నతల్లి. క్రోసూరులో పుట్టింట్లోనే ఉండి, అక్కడే పోయి అప్పటికి నాలుగు నెలలు.

మేనకోడలు ఎవరూ లేరనడం అబద్ధం కాదు. తల్లి గురించి ఆమెకు తెలిసింది ఒక్కటే: రెండేళ్ళ వయసులో తన కళ్ళల్లో కారం పూసి వెళ్ళిపోయిన మనిషి అని. అలా తెలిసేలా చేసిన వాళ్ళలో మొదటిదాన్ని నేను. అది చెప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను. కాని ముందుగా నేరం చెప్పేస్తే మనిషి దాని మరుగున పడిపోతుంది. ముందు మా వదినని చూడండి.

ఎనభైల మొదట్లో మా ఇంటికి కాపురానికి వచ్చింది. మాచర్ల, గురజాల మధ్య మా ఊరు. రెండున్నర ఎకరాల మిరప, నాపరాళ్ళు పరిచిన ఇల్లు, అమ్మా నాన్నా, అన్నా, నేనూ. వదిన పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఏదో వినపడుతున్నట్టు మెడ కాస్త పక్కకి వంచి ఉండేది. వచ్చిన నెలలోనే మా అమ్మ ఆమెకు ‘పరాకు మాలచ్చి’ అని పేరు పెట్టింది. మేము చర్చికి పోయేవాళ్ళం, అయినా మా అమ్మ తిట్లన్నీ పాతవే.

పొద్దున ఆమె ఏ దారిన వెళ్ళిందో చూడకుండానే చెప్పొచ్చు. వాకిలి సగం ఊడ్చి ఉంటుంది, చీపురు గేటు దగ్గర పడి ఉంటుంది. గేటు దగ్గర ఎందుకంటే ఎవరిదో గేదె పోతుంటే చూడటానికి వెళ్ళింది. అక్కణ్ణుంచి బిందె గుర్తొచ్చి పంపు దగ్గరికి పోయింది, పంపు దగ్గర బిందె నిండి పొర్లుతుంటుంది, ఆమె అక్కడ ఉండదు. రోట్లో పచ్చడి సగం నలిగి ఉంటుంది. చివరికి ఆమె పెరట్లో దొరుకుతుంది, చీమలు గొల్లభామ రెక్కని ఎలా మోసుకుపోతున్నాయో చూస్తూ గొంతుక్కూర్చుని.

“ఏమే, పొయ్యి మీద పాలు పెట్టి ఇక్కడ చీమల పెళ్ళి జేస్తన్నావా?” అని మా అమ్మ అరిస్తే, ఉలిక్కిపడి లేచి, “అయ్యో, పాలా అత్తా! నేనింకా పెట్టలేదనుకున్నా” అనేది. నిజంగానే అలా అనుకునేది. ఆ ముఖం చూస్తే తెలిసేది. కాని మాడిన గిన్నె తోమేవాళ్ళకి ముఖాలు చూసే ఓపిక ఎక్కడిది?

ఆమె మాటలూ అంతే. ఒక మాట మొదలుపెట్టి మధ్యలో లేచిపోయేది. రెండు రోజుల తర్వాత, నా జడ వేస్తూ, “అందుకే ఆవిడ మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలా” అనేది. ఎవరావిడ, ఏ ఇల్లు? నేను వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ పోతే, మొన్న మంగళవారం బట్టలు పిండుతూ చెప్పిన వాళ్ళ మేనత్త కథకి అది ముగింపు. నాకు అదో ఆటగా ఉండేది. కథల చివర్లు నేను ఒక పుస్తకంలో రాసిపెట్టుకునేదాన్ని కూడా.

మరిచిపోకుండా ఉండటానికి కొంగుకి ముళ్ళు వేసుకునేది. ఉప్పు తేవాలి, ఒక ముడి. అన్న చొక్కాకి గుండీ కుట్టాలి, ఒక ముడి. సాయంత్రానికి కొంగు చివర అయిదారు ముళ్ళు వేలాడేవి, ఏది దేనికో తెలిసేది కాదు. “అమ్మాయ్, ఈ ముడి చూడు ఎంత గట్టిగా ఏశానో. ఇదేదో చానా పెద్ద పనే” అని నవ్వేది. మా అన్న కూడా నవ్వేవాడు. ఆయన ఉప్పు లేని కూరా తినేవాడు, రెండుసార్లు ఉప్పు పడిన కూరా తినేవాడు, ఏదీ అడిగేవాడు కాదు. ఆ మెతకదనమే మంచితనమని అప్పుడు అనుకునేదాన్ని. 

నేను హైస్కూల్లో చదువుతున్నాను. క్లాసులో ఫస్టు. ఒక్కసారి చదివితే పేజీ నంబరుతో సహా చెప్పేదాన్ని. సాయంత్రం నేను పైకి చదువుతుంటే వదిన పక్కన కూర్చుని వినేది. హిస్టరీ అంటే ఆమెకు ఇష్టం. ఏదో రాజు దండయాత్ర గురించి చదువుతుంటే, “అమ్మాయ్, అన్ని వేలమంది నడిచిపోయారు గదా, వాళ్ళ చెప్పులు తెగితే ఎవరు కుట్టారు?” అని అడిగింది. నాకు తెలియదన్నాను. మా సారుని అడిగితే, పరీక్షకి రాని ప్రశ్నలు అడగొద్దన్నారు. ఆ మాట చెబితే వదిన నిరాశపడింది. తర్వాత వారం రోజులు నడుస్తూ నడుస్తూ ఆగి తన చెప్పు వంక చూసుకునేది.

మిరపకాయల్లో తాలు ఏరడం ఆమె వల్ల అయ్యేది కాదు. తెల్లబడిన కాయల్ని ఎర్రవాటి నుంచి వేరు చెయ్యాలి. ఊళ్ళో ఆడవాళ్ళు ఒక్కచోట కూర్చుని, లోకం కబుర్లు చెప్పుకుంటూ చేత్తో బుట్టలు బుట్టలు ఏరేస్తారు. వదిన ముందు బుట్టలో సగం కూడా అయ్యేది కాదు. ఏరినవాటిలో ఎరుపూ తెలుపూ కలిసి ఉండేవి. అలాంటి మనిషి, ఒకసారి మా మందు కొట్టే పంపు చెడిపోతే, పొద్దున్నే దాన్ని విప్పి వసారాలో పరుచుకుంది. వాషర్లు, స్ప్రింగులు, గొట్టాలు. మధ్యాహ్నం అన్నానికి పిలిచాం, పలకలేదు. మా అమ్మ వెళ్ళి భుజం కుదిపితే తలెత్తి చూసి, ఎవరో తెలియనట్టు మళ్ళీ దించేసింది. పొద్దుగూకేసరికి పంపు పనిచేసింది. మాచర్లలో మెకానిక్కు సాయిబు కూడా దాన్ని పారెయ్యమన్నాడని మా అన్న ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు.

మా అమ్మకి మాత్రం ఆ రోజునుంచే మనసు విరిగింది. “చూశారా? బుద్ధి పుడితే ఎంత పనైనా చేసుద్ది. అంటే మనింటి పనులు కావాలనే పాడు చేస్తంది” అంది. గుంటూరు డాక్టరమ్మ నలభై ఏళ్ళ తర్వాత చెప్పిన మాట ఇదే, తిరగేసి. మా అమ్మ చెడ్డది కాదు. కోడలి తలకి చలవ చేస్తుందని వారం వారం ఆముదం పెట్టి తలంటేది, చర్చి అయ్యగారితో ప్రార్థన చేయించింది. ఏదీ పనిచెయ్యకపోతే, ఇక కావాలనే అని నమ్మడమే ఆమెకి మిగిలింది. మరో మాట ఆ రోజుల్లో మా ఎవరికీ తెలియదు.

పాప పుట్టాక వదిన ఇంకా భయపడింది. పాపకి స్నానం చేయించానా లేదా అని నన్ను అడిగేది. పాలు పట్టిన ప్రతిసారీ గోడ మీద బొగ్గుతో గీత పెట్టేది. ఆ గీతలు మా అమ్మ సున్నం వేయించేదాకా ఉన్నాయి. పాపని ఎత్తుకుంటే మాత్రం ఆమె మెడ నిటారుగా నిలిచేది. ఆ పిల్ల ముఖంలోకి చూస్తూ గంటలు కూర్చునేది. ఒక్క పాప దగ్గర మాత్రం ఆమె ఎటూ వెళ్ళేది కాదు.

పాపకి రెండేళ్ళు నిండిన ఏడాది, ఎండాకాలం ముందు జరిగింది ఇది. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. కల్లంలో మిరపకాయలు పది రోజులుగా ఎండి గలగలమంటున్నాయి, మర్నాడు గోతాలకెత్తి గుంటూరు లారీకి వెయ్యాలి. అన్నా నాన్నా గోతాల కోసం మాచర్ల పోయారు. అమ్మ ఎవరో పోతే పక్క ఊరు వెళ్ళింది. కల్లంలో వదిన, నేను, పాప, ఓ పక్కన కాపలా గుడిసె.

నా దగ్గర ఒక వారపత్రిక ఉంది. పక్కింటి టీచరమ్మ దగ్గర తెచ్చుకున్నది, సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యాలి. దాన్ని ఎవరికీ కనపడకుండా లంగా కింద దాచి తెచ్చాను. ఎందుకంటే ముందు వారమే మా నాన్న, “ఇంకోసారి నీ చేతిలో ఈ కథల పుస్తకం కనపడిందా, టెన్తుతో నీ చదువు ఆపించేస్తా” అన్నాడు. మా నాన్న ఉత్తినే అనే మనిషి కాదు.

మధ్యాహ్నం దాటాక పడమట మబ్బు లేచింది. ఆ కాలంలో రాకూడని మబ్బు. కల్లం అంతా ఎర్రగా పరిచి ఉంది, తడిస్తే ఏడాది కష్టం బూజు పట్టిపోతుంది. వదిన ఒక్కసారి ఆకాశం చూసింది. చంకలోంచి పాపని తీసి నా చేతుల్లో పెట్టింది.

“అమ్మాయ్, పాపని పట్టుకో. గుడిసెలోకి పో. నేను పిలిచేదాకా బయటికి రాబాక” అంది.

నేను తీసుకున్నాను. ఈ వాక్యం నలభై ఏళ్ళలో మొదటిసారి రాస్తున్నాను. నేను తీసుకున్నాను.

గుడిసెలో పాపని చాప మీద కూర్చోబెట్టి, పత్రిక తీసి చదువుకుంటూ కూర్చున్నాను. బయట వదిన ఏం చేసిందో నేను చూడలేదు, తర్వాత ఆనవాళ్ళు చూసి తెలిసింది. నలుగురు మనుషులు చేసే పని ఒక్కతే చేసింది. కల్లం మొత్తం చేతులతో, కాళ్ళతో ఊడ్చి కుప్పలు చేసి, పట్టాలు లాగి కప్పి, అంచుల మీద నాపరాళ్ళు మోసి పెట్టింది. మిరపకాయల్లో చెయ్యి పెట్టేముందు మేమంతా చేతులకి ఆముదం రాసుకుంటాం, అయ్యాక మజ్జిగతో కడుక్కుంటాం. ఆ రోజు ఆముదానికి టైము లేదు. చినుకులు మొదలై, చితికిన కాయల కారం ఆమె మోచేతుల దాకా పట్టింది. 

నేను కథలో ఉన్నాను. పాప ఎప్పుడు లేచి వెళ్ళిందో నాకు తెలియదు. తల్లి కోసం గాలిలో, మిరప దుమ్ములో నడుచుకుంటూ పోయింది. కళ్ళల్లో దుమ్ము పడి ఏడుస్తూ తల్లి కాళ్ళు పట్టుకుంది. బిడ్డ ఏడుస్తుంటే ఏ తల్లైనా ఏం చేస్తుందో వదిన అదే చేసింది. రెండు చేతులతో కళ్ళు తుడిచింది.

ఆ కేక నేను ఇప్పటికీ వింటాను. పత్రిక లంగా కిందికి తోసి బయటికి పరుగెత్తాను. పరాకు ఆ రోజు నాది.

పాపని నరసరావుపేట ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రెండు కళ్ళకీ కట్లు కట్టారు. పదిరోజుల్లో పూర్తిగా నయమైంది, చూపుకి ఏ లోటూ రాలేదు. మిరపకాయల్లో ఒక్కటి కూడా తడవలేదు. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వసారాలో పెద్దలు కూర్చున్నారు. అయ్యగారు, సంఘ పెద్దలు ఇద్దరు, మా నాన్న. క్రోసూరు నుంచి వదిన వాళ్ళ నాన్నా అన్నా వచ్చారు. వదిన గోడకి ఆనుకుని నిలబడింది. చేతులు ఇంకా పొక్కులతో ఉన్నాయి. ఆమె చేతులకి మందు రాయాలని ఎవరికీ తోచలేదు.

“కంటికి రెప్పలాగా చూసుకోవాల్సిన పిల్లని ఆ గాలివానలో ఎట్టా వదిలావమ్మా?” అని అయ్యగారు మెల్లగానే అడిగారు.

“పాపని అమ్మాయి చేతికిచ్చానయ్యగారూ” అంది వదిన. అని, మెడ పక్కకి వంచింది. “ఇచ్చినట్టే ఉంది.”

“ఉండటం కాదమ్మా. ఇచ్చావా, ఇవ్వలేదా?”

వదిన నా వంక చూసింది. కోపంగా కాదు. జడ వేస్తూ కథలో తను ఆపిన చోటు ఎక్కడని నన్ను అడిగేటప్పుడు చూసే చూపు అది. నాకు గుర్తుంటుందని ఆమెకు నమ్మకం.

మా నాన్న కూడా నా వంకే చూస్తున్నాడు. “ఏమ్మాయ్, నీకిచ్చిందా?”

“లేదు నాన్నా. నాకియ్యలా” అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. అయ్యగారు, “ఇంతకుముందు ఎప్పుడన్నా ఇట్టా జరిగిందామ్మా?” అని అడిగారు. నేను క్లాసు ఫస్టుని. చెప్పడం మొదలుపెట్టాను. పాలు మాడిన రోజులు. పాపని పంపు దగ్గర కూర్చోబెట్టి బిందెతో ఇంటికి వచ్చేసి సగం దారిలో కేకపెట్టి వెనక్కి పరుగెత్తిన రోజు. గేదెని కట్టెయ్యడం మరిచిపోతే అది చేను మేసిన రోజు. ఏ వారమో కూడా చెప్పాను. ఒక్కటీ అబద్ధం కాదు. మొదటి అబద్ధం నిలబడటానికి నిజాలన్నీ తెచ్చి ఆసరాగా పెట్టాను. సంఘ పెద్ద ఒకాయన, “పిల్లకి ఎంత జ్ఞాపకశక్తి!” అని మెచ్చుకున్నాడు కూడా.

వదిన అంతా వింది. విన్నాక అయ్యగారి వైపు తిరిగి, “అమ్మాయి అబద్ధం జెప్పదయ్యగారూ. నాకే గుర్తుండదు. ఇయ్యలేదేమోలే” అంది.

పాపకి కాస్త ఊహ తెలిసేదాకా వదిన పుట్టింట్లో ఉండాలనీ, పాప మా అమ్మ దగ్గర పెరగాలనీ తేల్చారు. కొన్నాళ్ళే అన్నారు. మా అన్న తల వంచుకుని నేల మీద నాపరాళ్ళ అతుకులు చూస్తూ కూర్చున్నాడు. ఆయన ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేదో తెలియదు. అనలేదు. బతికినన్నాళ్ళూ మళ్ళీ పెళ్ళీ చేసుకోలేదు, ఆమెని తీసుకురానూ లేదు.

వదిన రెండు క్రిస్మసులకి వచ్చింది. రెండోసారి పాప ఆమెను చూసి మా అమ్మ చీర వెనక్కి పోయి, రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. ఎవరు నేర్పారో వేరే చెప్పక్కర్లేదు. మా ఇంట్లో అన్నం తినకపోతే “మీ అమ్మ వస్తది, కారం పెడతది” అని బెదిరించేవాళ్ళు. వదిన ఆ రోజు పాపని తాకలేదు. తన చేతుల వంక చూసుకుని, వాటిని కొంగులో చుట్టుకుంది. మళ్ళీ రాలేదు.

నా చదువు ఆగలేదు. నరసరావుపేటలో డిగ్రీ చదివే రోజుల్లో, ఎనభైల చివర్లో, ఒక మధ్యాహ్నం బస్టాండులో ఎవరో వెనకనుంచి నా జడ పట్టుకున్నారు. వదిన. బట్టలు కుడుతోందట, మిషనుకి ఏదో సామాను కోసం వచ్చిందట. నన్ను చూసి ఆమె పొందిన సంతోషానికి నేను ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. జామకాయలు కొంది, ఒకటి నా చేతిలో పెట్టి రెండోది తను కొరుకుతూ, వాళ్ళ ఊళ్ళో ఒకామె జాకెట్టు సంగతి మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది.

“పాప ఎంతైంది?” అని, చెయ్యి తన మోకాలి దగ్గర పెట్టి చూపించింది. పాపకి అప్పటికి ఏడేళ్ళు. నేను ఆ చేతిని పట్టుకుని పైకి, ఆమె నడుం దాటేదాకా ఎత్తాను. ఆ ఎత్తు వంక ఆమె చాలాసేపు చూసింది.

“బళ్ళో దిక్కులు చూస్తదా? పలకలు పోగొడతదా?”

“లేదు వదినా. బాగా చదువుద్ది. కుదురే ఉండదు, ఒకటే గంతులు.”

“గంతులేస్తే పర్లేదులే” అంది తేలిగ్గా ఊపిరి పీల్చి. తర్వాత గొంతు తగ్గించింది. “అమ్మాయ్, ఒకటి అడుగుతా. కోపం లేదు, ఒట్టు. ఆ రోజు పాపని నీకిచ్చానా? ఇచ్చినట్టే కనపడుద్ది నాకు. నీ ఎర్ర గాజులు కూడా కనపడతయ్. మళ్ళీ, ఇయ్యలేదేమో, మనసు అట్టా కల్పిస్తందేమో అనిపిస్తది. ఇచ్చినట్టైతే నేను అంత చెడ్డదాన్ని గాదు గదా. అందుకని.”

ఆ రోజు నాకు ఎర్ర గాజులే ఉన్నాయి.

నాకు ఇరవై ఏళ్ళు. నాన్న భయం లేదు, చదువు ఆగుతుందన్న భయం లేదు. ఒక్క మాట చాలు. కాని అప్పటికి అయిదేళ్ళుగా అందరికీ నేను చెప్పిందే నిజం. దాని మీద ఒక పిల్ల పెరుగుతోంది, ఒక ఇల్లు నడుస్తోంది. ఇవన్నీ ఇప్పుడు వెతుక్కుంటున్న సాకులు. ఆ క్షణంలో నాకు సిగ్గేసింది, అంతే.

“లేదు వదినా. నాకియ్యలేదు” అన్నాను.

“అంతేలే” అంది. “నాకూ తెలుసు. ఊరికే ఆశ.” ఇక ఆ సంగతి ఎత్తలేదు. లేచి వినుకొండ బస్సెక్కేసింది. కండక్టరు అరిస్తే దిగి, నవ్వుతూ, “చూడు, ఈ మనిషిని నమ్మి ఎవరన్నా ఏమన్నా అడుగుతారా?” అంది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి సత్తెనపల్లి మీదుగా పోయే క్రోసూరు బస్సులో కూర్చోబెట్టాను. అదే ఆఖరిసారి చూడటం.

తర్వాత నేను టీచరునయ్యాను. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను. కిటికీలోంచి బయటికి చూసే పిల్లల మీదికి చాక్‌పీసు ముక్కలు విసిరాను, మోకాళ్ళ మీద నిలబెట్టాను. “మనసు పెడితే నీకు రాదా?” అని అడిగాను. ఎంతమందిని అడిగానో లెక్కలేదు.

వదిన పోయిందని ఫోను వస్తే క్రోసూరుకి ఒక్కదాన్నే వెళ్ళాను. మేనకోడలు రానంది. వదిన గదిలో తలుపు చెక్క మీదంతా టైలరు సుద్దతో రాతలు: ఇస్త్రీపెట్టె తియ్యి, కిరోసిను, రత్తమ్మ జాకెట్టు సోమవారం. వాళ్ళ అన్న భార్య నాకు టీ ఇస్తూ, “కుట్టడం మొదలెడితే ఆకలి దెలిసేది గాదండీ మా ఆడబిడ్డకి. మబ్బు పడితే మాత్రం ఓ చోట ఉండలేకపోయేది. ఇంట్లో చిన్నపిల్లలందర్నీ లెక్కబెట్టుకుంటా తిరిగేది” అంది.

గుంటూరు నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ముగ్గురు పట్టే సీటు దొరికింది. మనవరాలు నా పక్కన కిటికీ దగ్గర కూర్చుని ఎటో వెళ్ళిపోయి ఉంది. మేనకోడలు ఫోను తీస్తూ, పెడుతూ, “వాళ్ళ నాన్న వైపు ఎవరికన్నా ఉందేమో అత్తా. మనింట్లో ఎవరున్నారు?” అంది.

“మీ అమ్మ ఉంది” అన్నాను.

మొదలుపెట్టాక ఆపలేదు. గుడిసె, పత్రిక, ఎర్ర గాజులు, చర్చి వసారా, బస్టాండు. కారం పూసిన చేతులు ఆమెవే, పూసేలా చేసిన చేతులు నావి అని చెప్పాను. మేనకోడలి చేతుల్లో ఫోను కదలడం ఆగిపోయింది. ఆమె అంతసేపు కదలకుండా కూర్చోవడం పుట్టిందగ్గర్నుంచి నేను చూడలేదు. సత్తెనపల్లి దాటింది, జనం దిగారు, ఎక్కారు.

“నన్ను నీ చేతికే ఇచ్చిన సంగతి తెలిసే మా అమ్మ పోయిందా?” అని అడిగింది. ఆమె నోట ‘మా అమ్మ’ అనే మాట వినడం అదే మొదలు.

“తెలియదమ్మా” అన్నాను. “ఒకసారి నన్నే అడిగింది. ఇవ్వలేదని చెప్పాను.”

మేనకోడలు నా మీదుగా చేతులు చాచి, నా పక్కనున్న పిల్లని లేపి, తన ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.